మా ఊరి బురుజు, దాని పక్కన గడీలో మా బడి

మా ఊరికి దారి అడిగితే ఇప్పటికీ ఒకటే గుర్తు చెబుతారు. "బస్సు దిగి బురుజు దిక్కు నడువుండ్రి." చెరువు కట్ట ఎక్కగానే తాటిచెట్ల పైనుంచి దాని తల కనిపిస్తుంది. అక్కణ్ణించి ఊళ్ళోకి నడిచేంతసేపూ ఎటు తిరిగినా ఏదో ఒక సందులోంచి అది కనబడుతూనే ఉంటుంది.

మా ఆవిడది గుంటూరు వైపు. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి మా ఊరొచ్చినప్పుడు "ఏంటండీ అది, సముద్రం లేని చోట లైట్‌హౌస్ కట్టారు?" అంది. నవ్వొచ్చింది గానీ, తెలంగాణ పల్లెల్లో తిరగనివాళ్ళకు అలాగే అనిపిస్తుంది కాబోలు. మా వైపు చాలా పాత ఊళ్ళల్లో నడిబొడ్డున ఇలాంటి గుండ్రటి బురుజు ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల ఒంటరిగా నిలబడి ఉంటుంది, కొన్నిచోట్ల గడీ, అంటే దొరల కోటలాంటి ఇల్లు, దాని ప్రహరీకి ఒక మూలన ఉంటుంది. మాది రెండో రకం. బురుజు, దాన్ని ఆనుకుని గోడ, గోడ లోపల దొరగారి గడీ. ఆ గడీలోనే నేను ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా చదువుకున్నాను.

కోట అనగానే మనవాళ్ళకు గోల్కొండ గుర్తొస్తుంది, కాకపోతే ఓరుగల్లు. గోల్కొండకు 87 బురుజులని, ఓరుగల్లు రాతికోటకు 45 అని గైడ్లు లెక్క అప్పజెబుతారు. ఊరూరా ఉన్న ఈ ఒంటి బురుజులను లెక్కపెట్టినవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు.

ముందు దాని కట్టడం గురించి చెబుతాను. అడుగున బాగా వెడల్పు, పైకి పోయినకొద్దీ సన్నబడుతుంది. ఎత్తు నలభై అడుగులుంటుందని సర్పంచి అంటాడు, యాభైకి తక్కువ లేదని మా కాక వాదిస్తాడు. టేపు పట్టుకుని ఎక్కినవాళ్ళు ఇద్దరిలో ఎవరూ కాదు. కింద నిలువెత్తు దాకా గుట్ట బండలు పగలగొట్టి పేర్చిన రాయి. ఆపైనంతా మట్టే. దాని మీద ఒకప్పుడు సున్నం పూత ఉండేది, నా చిన్నప్పటికే పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయి అక్కడక్కడా మిగిలింది.

గుండ్రంగా ఎందుకు కట్టారో మా నాలుగో తరగతి సార్ భలే చెప్పారు. మమ్మల్ని బయటికి తీసుకొచ్చి, ఒకణ్ణి గడీ గోడ మూలకు అవతల నిలబెట్టి "వాడు కనబడుతున్నాడా?" అన్నారు. లేదన్నాం. వాణ్ణే బురుజు చుట్టూ నడవమని, పైన ఇంకో పిల్లవాణ్ణి ఎక్కించి "ఎక్కడన్నా దాక్కోగలిగాడా?" అన్నారు. గుండ్రటి గోడకు నక్కే మూల ఉండదు. గునపం పెట్టి పెకిలించడానికి మూలరాయి కూడా ఉండదు. ఫిరంగి గుండు తగిలినా సూటిగా దిగకుండా పక్కకు జారిపోయే అవకాశం ఎక్కువ. దిగినా లోపల ఉన్నది మట్టి కాబట్టి గుండు అందులోనే కూరుకుపోతుంది, రాతిగోడలాగా పగిలి కుప్పకూలదు. ఆ వయసులో ఇదంతా ఎంత ఎక్కిందో గానీ, బురుజు చుట్టూ నడిచినవాడికి మాత్రం ఆ వారమంతా స్కూల్లో మహా గిరాకీ.

బురుజు వాకిలి నేలమీద ఉండదు. మనిషి తలకంటే ఎత్తులో ఉంటుంది. పూర్వం నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ నిచ్చెనను పైకి లాక్కునేవారట. మా కాలానికి ఎవరో పుణ్యాత్ములు రాళ్ళు పేర్చి పెట్టారు కాబట్టి పాకుతూ వెళ్ళేవాళ్ళం. వాకిలి ఎంత చిన్నదంటే పెద్దవాళ్ళు నడుము వంచి తల ముందు పెట్టి దూరాల్సిందే. లోపల కత్తి పట్టుకుని ఒక్క మనిషి నిలబడ్డా చాలు, బయట ఎంతమంది ఉన్నా ఒక్కొక్కరే తల లోపల పెట్టాలి. దూరగానే గబ్బిలాల వాసన ముక్కుపుటాలు అదరగొట్టేది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది. గోడ మందంలోనే మెట్లు చుట్టుకుంటూ పైకి పోతాయి. ఏ రెండు మెట్లూ ఒకే ఎత్తులో ఉండవు, చీకట్లో అలవాటు లేనివాడు తప్పకుండా తడబడతాడు. కావాలనే అలా కట్టారని మా కాక అంటాడు. మేస్త్రీకి కూలి ముట్టక అలా కట్టాడని మా బాపు అంటాడు. నాకు బాపు మాటే నిజమేమో అనిపిస్తుంది.

పైన నడుమెత్తు పిట్టగోడ. దాని పొడుగునా తుపాకి కంతలు. ఈ కంతల దగ్గర నేను గడిపిన సమయం ఎక్కాల పుస్తకం దగ్గర గడిపిన సమయం కంటే ఎక్కువే. బయటినుంచి చూస్తే బొటనవేలు పట్టేంత సందు. లోపలి వైపు మూరెడు వెడల్పు. అడుగు భాగం కిందికి వాలుగా చెక్కి ఉంటుంది. కన్ను ఆనించి చూస్తే ఆకాశం కనబడదు, ఎదురుగా ఉన్న ఇళ్ళు కూడా కనబడవు. సరిగ్గా గడీ దర్వాజ ముందరి నేల, ఆ నేల మీద నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనబడతాయి. మేం పిల్లలం ఆ కంతల్లోంచి కాళ్ళు చూసి మనిషి పేరు చెప్పే ఆట ఆడేవాళ్ళం. కిర్రుచెప్పులు కంసాలి తాతవి, మట్టెల చప్పుడు లేకుండా వచ్చే పాదాలు మా నాయనమ్మవి. ఆ పాదాలకు చెప్పులుండేవి కావు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక గడీ. పెద్ద దర్వాజ టేకుది, మీద బారుబారుగా ఇనుప మేకులు. ఏనుగులు నుదుటితో గుద్దకుండా కొట్టిన మేకులని చెప్పేవారు. మా ఊరికి సర్కస్ ఏనుగు కూడా ఏనాడూ వచ్చినట్టు లేదు, అది వేరే విషయం. ఆ దర్వాజను మా రోజుల్లో తెరవడం అసాధ్యం, కింద బందులు తుప్పుపట్టి పోయాయి. దాని మధ్యలో ఉన్న దిడ్డి తలుపులోంచే బడికంతా రాకపోకలు. హెడ్‌మాస్టరు గారు స్థూలకాయులు. తనిఖీకి అధికారులు వచ్చిన రోజు ఆయన ముందుగా దూరి లోపల నిలబడి స్వాగతం పలికేవారు, వాళ్ళ ముందు దూరితే బాగోదని.

లోపల మొదటి వాకిట్లో కచ్చీరు. మొగురాల (కర్ర స్తంభాల) మీద దూలాలు, దూలాల మీద దంతెలు (సన్న వాసాలు), పైన గూనపెంకులు. దొర కూర్చుని పంచాయతీలు చెప్పిన చోట మా మూడో తరగతి. రెండో వాకిట్లో దొరసాని వాళ్ళుండే అర్రలు, అక్కడ ఒకటి, రెండు తరగతులు. వెనక వంటిల్లు, చేదబావి, దాని పక్కన కూలిపోయిన గుర్రపుశాల. ఒక వాకిలి దాటితే ఇంకో వాకిలి, అన్నీ ఒకే వరుసలో ఉండవు. మొదటి దర్వాజలోంచి చూస్తే రెండో వాకిట్లో ఏం జరుగుతుందో కనబడకుండా గుమ్మాన్ని పక్కకు జరిపి కట్టారు. పరదా కోసం అన్నవాళ్ళున్నారు, బయటివాళ్ళు దూసుకురాకుండా అన్నవాళ్ళున్నారు. మాకు మాత్రం సార్ రాక ముందే తెలియకుండా చేసిన దుర్మార్గపు ఏర్పాటది.

గోడల గురించి చెప్పకపోతే పాపం. గచ్చు చేసిన గోడలు. డంగు సున్నం రోజుల తరబడి నూరి, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి పూసినవి. మా మూడో తరగతి గోడ మీద చెయ్యి పెడితే చల్లగా, నున్నగా జారిపోయేది. బ్లాక్‌బోర్డు కోసమని దాని మీదే నల్లరంగు వేస్తే చాక్‌పీసు ఒక్క అక్షరం రాయనిచ్చేది కాదు. చివరికి సార్ మాచేత ఇటుక ముక్కలతో రెండు పూటలు గీకించి గరుకు చేయించారు. గీకుతుంటే తెల్లటి పొడి రాలింది గానీ పూత మాత్రం ఊడలేదు. ఆ సున్నం నూరిన డంగు పెరట్లోనే ఉండేది, గుండ్రటి రాతి కాలవ, మధ్యలో గుంజ పాతిన గుంత. ఎద్దు తిప్పిన రాతిచక్రం ఒకటి పక్కన సగం పూడిపోయి ఉండేది. దాని మీద కూర్చుని సద్ది తినేవాళ్ళం.

కచ్చీరు పక్కన పాతర. నేలలో తవ్విన ధాన్యపు గొయ్యి, పైన రాతి మూత. అల్లరి చేస్తే అందులో వేస్తామని సార్లు బెదిరించేవారు. ఎవర్నీ వేయలేదు. కానీ ఈ మాట ఇంట్లో చెబితే మా తాత మొహం మాడ్చుకున్నాడు. "వెనుకట వేసేది బిడ్డా, వడ్లు కాదు, మనుషులను," అన్నాడు. ఆ తర్వాత ఆ రాతిమూత మీద నేను కాలు పెట్టలేదు.

మా తాత ఊరికి మస్కూరి. పగలు పటేలు, పట్వారీల కబుర్లు మోయడం, రాత్రి ఊరి కావలి. పొద్దుగూకగానే కందిలి పట్టుకుని బురుజెక్కేవాడట. పైన ఒక నగారా ఉండేది. పొలిమేరలో కొరివి మంట కనిపించినా, గుర్రాల చప్పుడు వినిపించినా దాన్ని మోగించాలి. దొంగల భయం ఉన్న కాలంలో మొదలైన ఏర్పాటది. పిండారీల దండును 1817-18లో ఇంగ్లీషు వాళ్ళు అణిచేశాక కూడా నిజాం ఇలాకాలో రోహిల్లాలు, అరబ్బుల కూలి దండుల బెడద చాలాకాలం ఉంది. పల్లెకు పోలీసు లేడు, ఫౌజు లేదు. ఉన్న దిక్కల్లా ఎత్తయిన ఒక బురుజు, మోగించడానికి నగారా, పారిపోయి లోపల తలదాచుకోవడానికి గోడ.

"పైన కూసుంటె అంతా కనబడుతది గదా తాతా," అని అడిగితే నవ్వేవాడు. "అమాసనాడు ఏం కనబడుతది కొడుకా? చీకట్ల కన్ను పనిచేయదు, చెవి పనిచేస్తది. కుక్కలు ఏ దిక్కు మొరుగుతున్నయో చూసుకోవాలె. అన్ని దిక్కులా మొరిగితే భయం లేదు, నక్క వచ్చిందన్నట్టు. ఒక్క దిక్కే మొరిగి, ఉన్నట్టుండి ఆగిపోతే లేవాలె." ఈ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

1948లో సంగతి తలకిందులైంది. అంతవరకు దొర కోసం కావలి కాసిన బురుజు మీద ఊరే తన కోసం తాను కావలి కూర్చుంది. దొర అప్పటికే హైదరాబాద్ వెళ్ళిపోయాడు. రజాకార్లు ఈ ఊరు కాల్చారు, ఆ ఊరు దోచారని రోజూ కబుర్లు. మొగవాళ్ళు వంతులేసుకుని పైన పడుకునేవారు. ఒకటి రెండు బర్మార్లు (నాటు తుపాకులు), వడిసెలలు, కుప్పలు కుప్పలుగా గులకరాళ్ళు, ఆడవాళ్ళు దంచి పంపిన కారం. మా ఊరి మీదికి వాళ్ళు రాలేదు. వస్తారన్న టెన్షన్‌తోనే ఆ వానాకాలం గడిచిపోయిందని తాత చెప్పేవాడు. నాట్లు కూడా ఒక కన్ను బురుజు మీద వేసే వేశారట, నగారా మోగితే పిల్లల్ని చంకన వేసుకుని గడీలోకి పరుగెత్తాలి గదా.

భైరాన్‌పల్లి మీదికి వచ్చారు. మా బాపు నన్ను అక్కడికి తీసుకెళ్ళింది నేను హైస్కూల్లో ఉన్నప్పుడు. అక్కడా ఊరి మధ్యన ఇలాంటి బురుజే. దాని మీద కావలి ఉండి, నగారా మోగించి, ఆ ఊరివాళ్ళు అంతకుముందు రజాకార్ల దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యాన్ని, ఫిరంగులను వెంటబెట్టుకుని తెల్లవారకముందే వచ్చి పడ్డారు. వందకు అటూ ఇటూగా మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చాలామందిని వరసలో నిలబెట్టి కాల్చారు. భారత సైన్యం సెప్టెంబరు 13న బయల్దేరి 17కల్లా హైదరాబాద్ సంస్థానాన్ని లొంగదీసింది. ఆ దాడికీ సైన్యం బయల్దేరడానికీ మధ్య మూడు వారాలు కూడా లేవు. బాపు ఆ బురుజు కింద నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిరుగు దారిలో బస్సులో మాత్రం "మన దానికి నసీబు బాగుంది," అన్నాడు.

ఇదంతా చదివి బురుజంటే వీరగాథ అనుకునేవాళ్ళున్నారు. అందుకే నాయనమ్మ సంగతి చెప్పాలి. ఆవిడకు బురుజు మీద ఏ మోజూ లేదు. గడీ ముందు నుంచి నడవాల్సి వస్తే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది. గడీలో బడి పెట్టాక కూడా, దొర పోయి ముప్పై ఏళ్ళు దాటాక కూడా అంతే. ఒకసారి ఎండకు నేల కాలిపోతుంటే నేను కోప్పడ్డాను, "దొర లేడు గదనే!" అని. "దొర లేకపోతే ఏంది, కాళ్ళకు అలవాటైంది," అంది. మేం బురుజు పైనుంచి ఆటగా గుర్తుపట్టిన ఆ ఉత్తపాదాల వెనక ఇంత ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

గడీ ప్రహరీ పెంచి కట్టినప్పుడు వాళ్ళమ్మ తట్టలు మోసిందట. ఇంటికొక మనిషి, అరకలున్న ఇంటినుంచి ఎడ్లు. రాయి కొట్టింది వడ్డెరలు, మట్టి తొక్కి గోడ పెట్టింది ఉప్పరులు, సున్నానికి నీళ్ళు మోసింది మిగతా ఊరంతా. వెట్టి కాబట్టి కూలి లేదు. బాలింతలకు కూడా మినహాయింపు లేదని, పాలకేడ్చే పిల్లను చెట్టుకు జోలె కట్టి పడుకోబెట్టి పోయేవారని నాయనమ్మ చెప్పేది. ఆ జోలెలో పిల్ల మా నాయనమ్మే.

గడీల పుట్టుక వెనక లెక్క ఏమిటో నాకు కాలేజీలో గానీ అర్థం కాలేదు. మొదటి సాలార్‌జంగ్ 1853లో నిజాంకు దివాన్ అయ్యాక, శిస్తు వసూలును గుత్తకిచ్చే పాత పద్ధతి ఎత్తేస్తూ వచ్చాడు. 1865లో జిలాబందీ (రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే పద్ధతి) తెచ్చి కలెక్టర్లు, తహసీల్దార్ల వ్యవస్థ పెట్టాడు. వసూళ్ళ పని పోయిన దేశ్‌ముఖ్‌లకు, దేశ్‌పాండ్యాలకు పరిహారంగా రుసుములు కట్టబెట్టాడు. పని పోయినా పెత్తనం పోలేదు. సర్వే సెటిల్‌మెంట్ల పేరుతో రైతుల భూములు వాళ్ళ పేర్ల మీదికి ఎక్కాయి. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలుండేవంటే ఇంకేం చెప్పాలి! అంత భూమి ఉన్నవాడికి ఇల్లు చాలదు, దర్వాజా, ప్రహరీ, బురుజూ కావాలి. పూర్వం బయటి దొంగల కోసం పెట్టిన తుపాకి కంతలు ఊరి వైపు తిరిగింది ఈ కాలంలోనే. మా బురుజు కంతల్లోంచి గడీ వాకిలి ముందరి నేల మాత్రమే ఎందుకు కనబడుతుందో అప్పుడు నాకు వెలిగింది.

కడవెండిలో 1946 జూలై 4న ఊరేగింపుగా పోతున్న జనం మీద గడీ దగ్గర్నుంచే తూటాలు వచ్చాయి. దొడ్డి కొమరయ్య అక్కడే ప్రాణం విడిచాడు. సాయుధ పోరాటానికి నిప్పు రాజుకున్నది ఆ చావుతోనే. మా ఊరి గడీ దగ్గర అలాంటిదేమీ జరగలేదు. దొర భయపడి ముందే సర్దుకున్నాడు, పోలీసు చర్య తర్వాత ఒకసారి వచ్చి మిగిలిన సామాను బండ్లకెత్తించాడు. ఆ తర్వాత ఆయన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి కౌలు డబ్బులు తీసుకుని పోయేవారు. తర్వాత అదీ మానేశారు. గడీని ఊరికి వదిలేశారు, ఊరు బడికిచ్చింది.

ఈ పిచ్చి పట్టాక సెలవులప్పుడు వేరే ఊళ్ళ బురుజులూ గడీలూ చూడ్డం మొదలుపెట్టాను. జనగామ దగ్గర ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కట్టించిన కోట చూస్తే మనసు ఉప్పొంగింది. కల్లు గీసే ఇంట పుట్టి, మొఘలాయిలను ఎదిరించి, 1708లో వరంగల్లునే కొల్లగొట్టినవాడు, తనకూ ఒక కోట కావాలనుకున్నాడు. దొరలకే కాదు, దొరల మీద తిరగబడ్డవాడికీ బురుజే కావాల్సి వచ్చింది. కామారెడ్డి దగ్గర దోమకొండ గడీ ఇంకో లోకం. ఆ కుటుంబంవాళ్ళే పూనుకుని జాగ్రత్తగా బాగుచేయించుకున్నారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డు కూడా వచ్చింది. గోడలకు సున్నపు పని చూస్తుంటే మా మూడో తరగతి గోడ గుర్తొచ్చింది. అందంగా ఉంది, ఒప్పుకోవాల్సిందే. కానీ మా గడీలో ఉన్న చాక్‌పీసు గీతలు, తలుపు మీద చెక్కిన పిల్లల పేర్లు అక్కడ లేవు.

మా బురుజు మాత్రం ఖాళీగా ఎప్పుడూ లేదు. ఎనభైల్లో ఊరికి మొదటి టీవీ పంచాయతీ ఆఫీసుకు వచ్చినప్పుడు, బొమ్మ రాక నానా తంటాలు పడి, చివరికి యాంటెన్నాను బురుజు మీదికి ఎక్కించారు. ఆదివారం పొద్దున భక్తి సీరియల్ వచ్చే వేళకు ఒకడు పైన యాంటెన్నా తిప్పుతుంటే, దారిలో ఇంకొకడు, పంచాయతీ గుమ్మంలో మరొకడు నిలబడి "వచ్చింది... పోయింది... ఇంకొంచెం చెరువు దిక్కు!" అని అరుచుకునేవారు. ఆ పైవాడికి సీరియల్ ఒక్క ముక్క దక్కేది కాదు. వంతుల ప్రకారం పంపేవారు, అచ్చం రజాకార్ల కాలంలో లాగే. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో సిగ్నల్ కోసం, దుబాయి నుంచి కొడుకుల ఫోన్ల కోసం ముసలివాళ్ళు కూడా ఆయాసపడుతూ ఆ మెట్లెక్కారు. దసరాకు ముందు బతుకమ్మలన్నీ బురుజు కిందికే వస్తాయి. ఒకప్పుడు దొరసాని చూడాలని అక్కడ ఆడించేవారట. ఇప్పుడు ఊళ్ళో అంత చదునైన జాగా ఇంకెక్కడా లేదని ఆడుతున్నారు.

కొన్నేళ్ళ కింద పెద్ద ముసురు పట్టినప్పుడు బురుజు పడమటి వైపు ఒక చెక్క విరిగి పడిపోయింది. పైన మొలిచిన రావిమొక్కను ఏటా పీకేవాళ్ళం, ఎవరూ పట్టించుకోని ఏళ్ళల్లో వేరు లోపలికి దిగి చీల్చేసింది. విన్న రోజే బయల్దేరి పోయాను. బాధపడుతూ వెళ్ళినవాణ్ణి, దగ్గరికి పోయాక నోరు తెరుచుకుని నిలబడిపోయాను. జొన్నరొట్టె తుంచితే పొరలు కనబడ్డట్టు గోడ లోపలంతా కనబడుతోంది. బయట వరస రాయి, దాని వెనక గులకరాళ్ళు కలిపిన మట్టి, ఆపైన మూరెడు మూరెడు ఎత్తున వేసిన మట్టి వరసలు. ఒక్కో వరస ఆరాక ఇంకో వరస వేశారనడానికి గుర్తుగా మధ్యమధ్య సన్నటి గీత. మట్టిలో వరిపొట్టు, గడ్డి పరకలు, పగిలిన కుండపెంకులు. ఒక వరసలో తడిమట్టి మీద ఎవరో అరచెయ్యి ఆనించిన ముద్ర ఉంది, వేళ్ళతో సహా. చిన్న చెయ్యి. ఆడమనిషిదో, పిల్లదో.

దాన్ని ఫోటో తీసి నాయనమ్మకు చూపించడానికి ఆవిడ అప్పటికి లేదు. బాపుకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "ఇగ ఇది దొరది అని ఎవడంటడు?" అన్నాడు. బురుజు గురించి నాకు ఏళ్ళుగా ఉన్న సందేహానికి అంత చిన్న జవాబు దొరుకుతుందని అనుకోలేదు. వెట్టి చాకిరీతో లేచిన గోడను ఇష్టపడటం తప్పేమోనని లోపల గుంజాటన ఉండేది. మోసినవాళ్ళు మావాళ్ళు, భయపడ్డవాళ్ళు మావాళ్ళు, ఆఖరికి దాని పైన పడుకుని ఊరిని కాపాడిందీ మావాళ్ళే. దొర కుటుంబానికి అక్కడ ఒక్క జ్ఞాపకం ఉంటే, మాకు వంద.

కూలిన రాయి మాత్రం నిలవలేదు. వారం తిరక్కముందే ఎవరికి కావాల్సింది వాళ్ళు ట్రాక్టర్లో వేసుకుపోయారు. కోళ్ళగూటికి, బాత్రూం పునాదికి, పొలం గట్టుకు. నాకు కోపం రాలేదు. తట్టల్లో మోసిన బాకీ ఆ విధంగా కొంత తీరిందనుకున్నాను. మా పశువుల కొట్టం ముందర కూడా ఒక నున్నటి బండ కొత్తగా వెలిసింది, ఎక్కడిదని మా కాకను అడగలేదు.

ఇప్పుడు గొడవంతా మిగిలిన భాగం గురించి. చుట్టూ సిమెంటు పూత వేసి, రంగులు కొట్టి, పైన లైట్లు పెడదామని ఊళ్ళో కొందరి పట్టు. రోడ్డుకు అడ్డం, తీసేస్తే ఆటోలు తిరుగుతాయని ఇంకొందరు. మా బాపు, కాక ఒక్క విషయంలో జీవితంలో మొదటిసారి ఒక్కమాట మీదున్నారు, సిమెంటు వద్దని. గడీ వెనక అర్రకు పదేళ్ళ కింద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే ఏమైందో అందరూ చూశారు. లోపలి మట్టిలోని తేమకు బయటికి దారి లేక, రెండో వానాకాలానికే పూత ఉబ్బి పలకలు పలకలుగా ఊడింది, పోతూ పోతూ వెనక మట్టిని కూడా లాక్కుపోయింది. మట్టిగోడకు మట్టిపూతే వేయాలి, పైన సున్నం కొట్టాలి, తల మీద నీళ్ళు నిలవకుండా వాలు చేసి గచ్చు వేయాలి, రావిమొక్క వేరును పూర్తిగా చంపాలి. ఇంతే పని. మనుషులే దొరకడం లేదు. మా ఊళ్ళో డంగు తిప్పిన చివరి మేస్త్రీ పోయి చాలా ఏళ్ళయింది, ఆయన కొడుకు హైదరాబాద్‌లో టైల్స్ పని చేస్తున్నాడు.

వచ్చే మృగశిర లోపు పని మొదలుపెట్టకపోతే పడమటి వైపు ఇంకో చెక్క పడేటట్టుంది. చందాలు పోగవుతున్నాయి, పెరట్లో పూడిపోయిన డంగు చక్రాన్ని కుర్రాళ్ళు తవ్వి బయటికి తీశారు. మీ వైపు కరక్కాయ, బెల్లం వేసి సున్నం నూరడం తెలిసిన పాత మేస్త్రీలు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎద్దును మా కాక చూసుకుంటానన్నాడు.